కగురాబాచి మొదలుపెట్టాలా, అకానె-బనాషా? కొత్త మాంగాల్లో మీకు నప్పేది

మా పిన్ని కొడుకు బీటెక్ రెండో సంవత్సరం. అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, చూసీ చూసీ ఈ మధ్యే మాంగా, అంటే అక్కడి కామిక్స్ వైపు తిరిగాడు. పోయిన నెల ఫోన్ చేసి, "అక్కా, పది పేర్లు చెప్పకు. ఒక్కటే చెప్పు. ఈ సెలవుల్లో అదే చదువుతా" అన్నాడు. ఒక్కటి చెప్పలేకపోయాను. వారం వారం ఎదురుచూడగలవా, డైలాగులు ఎక్కువుంటే విసుగొస్తుందా, రాత్రి ఒంటరిగా పడుకుంటావా అని ఎదురు ప్రశ్నలు వేశాను. "మాంగా అడిగితే డాక్టర్‌లా అడుగుతావేంటి?" అన్నాడు.

ఆ ప్రశ్నలు ఊరికే వేసినవి కావు. ఫ్యాన్స్ మధ్య కొత్త సిరీస్‌ల మీద జరిగే గొడవల్లో సగం "ఇది బాగుందా, లేదా" అన్న దగ్గరే ఆగిపోతాయి. అసలు తేడా అక్కడ లేదు. ప్రతి సిరీస్ తన మొదటి చాప్టర్లో పాఠకుడికి ఒక మాట ఇస్తుంది. ఆ మాట మీకు కావలసిందేనా అన్నది చూసుకుంటే చాలు, ఎంచుకోవడం సగం అయిపోయినట్టే. అందుకని 2021 నుంచి మొదలైనవాటిలో ఆరు సిరీస్‌లు తీసుకుని, ఏది ఎవరికి నప్పుతుందో రాస్తున్నాను. పెద్ద స్పాయిలర్లు లేవు. మొదటి కొన్ని చాప్టర్లలో ఉన్నవే చెబుతాను.

ముందు ఏం చూడాలి

మొదట ఒక అపోహ వదిలించుకోవాలి. షోనెన్, షోజో, సెయినెన్, జోసెయ్ అనేవి జానర్లు కావు. ఆ పత్రికను ఎవరి కోసం వేస్తున్నారో చెప్పే మాటలు అవి. షోనెన్ అంటే మగపిల్లల పత్రిక, షోజో అంటే ఆడపిల్లలది, సెయినెన్ పెద్ద మగవాళ్ళది, జోసెయ్ పెద్ద ఆడవాళ్ళది. అంతకుమించి లోపల ఏముందో ఆ మాట చెప్పదు. కింద చెప్పబోయే ప్రేమకథ ఒకటి షోనెన్ వేదిక మీదే వస్తుంది. "నాకు షోనెన్ పడదు" అని దాన్ని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు. పాపం, వాళ్ళకు కావలసిన కథ అదే.

రెండోది ఆనవాయితీ. మన సినిమాలో హీరో ఎంట్రీ చూడగానే ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో, ఫ్లాష్‌బ్యాక్‌లో ఎవరు పోతారో చెప్పేస్తాం కదా. మాంగాలోనూ అంతే. ఫైటింగ్ మాంగా అంటే ట్రైనింగ్, పోటీ, కొత్త శక్తి. ప్రేమకథ అంటే అపార్థాలు, చెప్పలేకపోవడం, వర్షంలో గొడుగు. వీక్లీ షోనెన్ జంప్ పత్రిక స్నేహం, శ్రమ, గెలుపు అన్న మూడు మాటల మీదే పెరిగింది. ఫార్ములా ఉండటం తప్పేం కాదు. అందులో ఏది ఉంచారు, ఏది తీసేశారు, తీసేసిన చోట ఏం పెట్టారు అన్నది చూడాలి.

మూడోది ఎదురుచూపు. వారపత్రికలో "సశేషం" చూసి ఉసూరుమన్న తరం మనది, కనీసం మన అమ్మలది. జంప్‌లో దీనికి తోడు ఇంకో టెన్షన్ ఉంది. పత్రికతో పాటు ఒక కార్డు వస్తుంది. ఆ వారం నచ్చిన మూడు కథలు దాని మీద రాసి పాఠకులు పంపుతారు. ఆ లెక్కల్లో వెనకబడిన కొత్త సిరీస్ ఇరవై చాప్టర్ల దరిదాపుల్లో ముగిసిపోతుంది. ఫ్యాన్స్ భాషలో "యాక్స్ పడింది". నేను పీకల్లోతు మునిగిపోయిన ఒక సిరీస్‌కు ఇలాగే పడింది. చివరి చాప్టర్లో విలన్, వాడి తమ్ముడు, ప్రపంచ యుద్ధం అన్నీ పంతొమ్మిది పేజీల్లో తేల్చేశారు. అప్పట్నుంచి కనీసం యాభై చాప్టర్లు దాటితే తప్ప ఎవరికీ సిఫార్సు చేయను. కింద చెప్పిన జంప్ కథలన్నీ ఆ గండం గట్టెక్కినవే.

ఇక భాష. తెలుగులో ఇవేవీ అధికారికంగా లేవు, ఇంగ్లీష్‌లోనే చదవాలి. కాబట్టి ఒక పేజీలో ఎంత మాట ఉందన్నది మనకు జపాన్ పాఠకుడి కంటే ఎక్కువ ముఖ్యం. జంప్ ప్రచురణకర్తలు షూయెషా వాళ్ళ మాంగా ప్లస్ యాప్‌లో మొదటి మూడు, తాజా మూడు చాప్టర్లు ఉచితం. జంప్ కథల కొత్త చాప్టర్ మనకు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు పడుతుంది, అంటే జపాన్‌లో సోమవారం మొదలయ్యే నిమిషానికి. అన్నట్టు, పేజీలు కుడి నుంచి ఎడమకు. పుస్తకం చేతిలో ఉంటే మా అమ్మ ఇప్పటికీ "తిరగేసి పట్టుకున్నావేంటే" అంటుంది.

కగురాబాచి: మాస్ కావాలి, సోది వద్దు

తకెరు హొకజొనొ గీస్తున్న ఈ సిరీస్ 2023 సెప్టెంబర్‌లో జంప్‌లో మొదలైంది. మొదటి చాప్టర్ ఇంకా రాకముందే బయటి దేశాల ఫ్యాన్స్ సరదాకి దీన్ని ఆకాశానికెత్తేశారు, మీమ్స్ మీద మీమ్స్. అలా వెటకారంతో మొదలైన పేరు ఏడాది తిరిగేసరికి నిజమైంది. జపాన్‌లో రాబోయే హిట్లకు పాఠకుల ఓట్లతో ఇచ్చే అవార్డులో 2024కి పుస్తకాల విభాగంలో మొదటి స్థానం దీనిదే.

కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మాయాకత్తులు చేసి ఒక యుద్ధాన్నే ముగించిన కమ్మరి కునిషిగె. ఆయన్ని చంపి కత్తులు ఎత్తుకుపోతారు. మిగిలిన ఒక్క కత్తితో కొడుకు చిహిరో బయల్దేరతాడు. ఇది మనకు తెలియని కథా? కానీ మొదటి చాప్టర్ చూడండి. లోకం వణికిపోయే కత్తులు చేసిన మనిషి ఇంట్లో పనికిమాలిన జోకులేస్తూ, గోల్డ్‌ఫిష్‌లను పెంచుకుంటూ ఉంటాడు. కొడుకే పెద్దమనిషిలా ఆయన్ని కసురుకుంటూ ఉంటాడు. తర్వాత కొన్నేళ్ళు గడిచిపోయాయి అంటారు. ముఖం మీద మచ్చ, నల్లకోటు. చిహిరో కత్తి ఊపగానే గాలిలో నల్లటి సిరాలాంటి గోల్డ్‌ఫిష్ ఈదుతుంది. నాన్న ఎలా పోయాడో చూపించకముందే, ఆ చేప నాన్న గురించి అంతా చెప్పేస్తుంది. ఆ ఒక్క ప్యానెల్, అంటే పేజీలో ఆ ఒక్క గడి కోసం మొదటి చాప్టర్ నేను మూడుసార్లు చదివాను.

ఇక్కడ తీసేసిన ఆనవాయితీలు చాలా ఉన్నాయి. స్కూల్ లేదు, ప్రవేశ పరీక్ష లేదు, నోరేసుకుని అరిచే హీరో లేడు. కుర్రాడు మనకు పరిచయమయ్యే నాటికే నేర్చుకోవలసింది నేర్చేసుకున్నాడు. ఆ ఖాళీలో పెట్టింది అపరాధభావం. తండ్రి చెడ్డవాళ్ళను ఆపడానికని చేసిన వస్తువు చివరికి మనుషుల్ని కోసేదే కదా అన్న ప్రశ్న. మొదటి పెద్ద విలన్ ఆ కత్తుల వీరాభిమాని. మీ నాన్న నీకంటే నాకే బాగా అర్థమయ్యాడని కొడుకుతో వాదిస్తాడు. ప్రతీకార కథల్లో ఇలాంటి విలన్ అరుదు.

లోటు కూడా చెప్పాలి. మొదటి పది పదిహేను చాప్టర్లలో పక్కపాత్రలు పల్చగా ఉంటాయి. రక్తం ధారాళం. నా లెక్కలో ఈ కథ కుదురుకునేది వేలంపాట ఆర్క్‌లోనే, అంటే వేలంపాట చుట్టూ నడిచే చాప్టర్లలోనే. అప్పటిదాకా ఫైట్లు, గీత మీదే నడుస్తుంది. పేజీకి మాటలు తక్కువ కాబట్టి ఇంగ్లీష్ నెమ్మదిగా చదివేవాళ్ళకు ఇది చాలా సుఖం.

అకానె-బనాషి: ఒక్క దెబ్బ లేని ఫైటింగ్ మాంగా

నన్నడిగితే ఈ ఆరింటిలో ఇదే మిన్న. ముందే చెప్పేస్తున్నాను, ఇక్కడ నా పక్షపాతం మీకు తెలుస్తూనే ఉంటుంది.

యూకి సుయెనగా రచన, తకమసా మౌయె బొమ్మలు, 2022 ఫిబ్రవరిలో మొదలు. విషయం రకుగొ. రకుగొ అంటే వేదిక మీద ఒక్కరే దిండు మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో ఒక విసనకర్ర, ఒక తువ్వాలుతో కథ మొత్తం నడిపించే కళ. ఇద్దరు మాట్లాడుకుంటుంటే తల కాస్త ఎడమకు తిప్పితే ఒకడు, కుడికి తిప్పితే ఇంకొకడు. విసనకర్ర చాప్‌స్టిక్స్ అవుతుంది, కలం అవుతుంది. మన హరిదాసు నిలబడి చిడతలతో చేసే పనిని వీళ్ళు కదలకుండా కూర్చుని చేస్తారు. పాట ఉండదు, గజ్జెలు ఉండవు.

అకానె తండ్రి ఈ కళలో మధ్య మెట్టు మీద ఉన్న కళాకారుడు. పై మెట్టుకి, అంటే గురువు స్థాయికి వెళ్ళే పరీక్షలో శిబహామా అనే కథ చెబుతాడు. డబ్బు సంచీ దొరికిన తాగుబోతు చేపలవాడికి, అది కలేనని నమ్మించి మనిషిని చేసే భార్య కథ అది. హాలు కదిలిపోతుంది. అయినా ఆ రోజు పరీక్షకు కూర్చున్న వాళ్ళందర్నీ పెద్ద గురువు ఇష్షో బడి నుంచి వెళ్ళగొడతాడు. తెర వెనక నిలబడి చూసిన చిన్నపిల్ల ఆరేళ్ళ తర్వాత పదిహేడేళ్ళ అమ్మాయిగా అదే వేదిక ఎక్కుతుంది. నాన్న కళ గొప్పదని లోకానికి చూపించాలి, ఆయన్ని ఎందుకు తీసేశారో తెలుసుకోవాలి.

ఇప్పుడు ఆనవాయితీలు లెక్కపెట్టండి. తండ్రికి జరిగిన అన్యాయం, గురువు, సీనియర్లు, పోటీలు, మెట్లు, రైవల్. అన్నీ ఉన్నాయి! కగురాబాచి ఫైటింగ్ మాంగా నుంచి తీసేసినవన్నీ దీన్లోనే దొరుకుతాయి, కత్తి ఒక్కటి తప్ప. విద్యార్థుల పోటీలో అకానెకు గురువు పెట్టే షరతు చూడండి. జుగెముతోనే గెలవాలి. అది కొత్తవాళ్ళకు మొట్టమొదట నేర్పే కథ. బిడ్డకు బారెడు పొడవు పేరు పెట్టి, పిలవాల్సిన ప్రతిసారీ ఆ పేరంతా పలికే హాస్యం. జపాన్‌లో చిన్నపిల్లలకు కూడా వచ్చిన కథ. అందరికీ తెలిసిన దాంతో ఎవరినైనా ఎలా ఆశ్చర్యపరుస్తావు? సంగీతం పోటీలో 'వాతాపి' పాడి ప్రైజు కొట్టుకు రమ్మన్నట్టు. ఆమె దాన్ని ఎలా మలుస్తుందో చెప్పను.

లోటు ఒక్కటే, కానీ పెద్దదే. మాటలు. పేజీ నిండా బుడగలు, జపాన్ పాతకాలపు ఊళ్ళ వాడుకలు, పదాల మీద ఆడే హాస్యం. ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి కొన్ని చప్పబడతాయి. ఫోన్ తెర మీద కంటే ట్యాబ్ మీద నయం. సాయంత్రం క్లాసులయ్యాక అలసిపోయి పది నిమిషాలు చదవాలనుకునే వాళ్ళకు మొదట్లో బరువనిపిస్తుంది.

ది సమ్మర్ హికారు డైడ్: భయం, కానీ ఆ రకం కాదు

మొకుమొకురెన్ సృష్టి, 2021లో యంగ్ ఏస్ అప్ వెబ్ పత్రికలో మొదలైంది. జపాన్‌లో పుస్తకాలు పరిచయం చేసే 'ఈ మాంగా అద్భుతం' వార్షిక సంచికలో 2023కి మగ పాఠకుల కోసం వేసే జాబితాలో మొదటి స్థానం తెచ్చుకుంది.

పల్లెటూరు. ఎండాకాలం. ఇద్దరు స్నేహితులు కూర్చుని ఐస్ తింటున్నారు. యొషికి మామూలుగానే అడుగుతాడు: నువ్వు హికారువి కాదు కదా? ఎదురుగా ఉన్నవాడి ముఖం సగం కరిగిపోతుంది. లోపల ఏదో ఉంది. ఆ ఏదో ఏడుస్తూ, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుతుంది.

హారర్‌లో మామూలుగా రహస్యం చివరి దాకా లాగుతారు. ఇక్కడ మొదటి కొన్ని పేజీల్లోనే బయటపెట్టేశారు. ఆ తర్వాత మిగిలే ప్రశ్న ఇంకా పాడుది. స్నేహితుడు చచ్చిపోయాడని తెలుసు, వాడి స్థానంలో వచ్చినదాన్ని వదులుకోగలవా? గగుర్పాటు దయ్యంలో లేదు, యొషికి ఒప్పుకోవడంలో ఉంది. కీచురాళ్ళ మోత అక్షరాలుగా ప్యానెళ్ళ మీద పరుచుకుని ఉంటుంది. చదువుతుంటే చెవిలో వినిపిస్తుంది, నిజంగా.

జంప్ కథల్లా పరుగెత్తదు. దెయ్యం ఒక్కసారి కెవ్వుమనాలి అనుకునేవాళ్ళు నిరాశపడతారు. అనిమే 2025లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది కాబట్టి ఒక ఎపిసోడ్ చూసి తేల్చుకోవచ్చు. కాకపోతే పేజీ మీద ఉన్న నిశ్శబ్దం తెర మీద కొంత పోతుంది.

మిగిలిన మూడు

*ఇచి ది విచ్.* 2024 సెప్టెంబర్, జంప్. రచన ఒసాము నిషి, బొమ్మలు షిరో ఉసజాకి. మంత్రాలంటే పుస్తకంలోని శ్లోకాలు కావు, ప్రాణమున్న జీవులు. ఒక్కోదానికి ఒక్కో పరీక్ష. నెగ్గితేనే మంత్రం మీది. అది కూడా ఆడవాళ్ళకే సాధ్యం అన్న లోకంలో, కొండల్లో వేటాడి బతికే కుర్రాడు ఇచి ఏకంగా ఒక రాజమంత్రాన్నే పట్టేస్తాడు. మాయల స్కూల్ కథల్లో ఎంపికైన కుర్రాడు ఉంటాడే, ఆ ఆనవాయితీని వేటగాడి కళ్ళతో చూపించారు. వాడికి మంత్రం మీద భక్తి లేదు, అది కూడా ఒక జంతువే. బొమ్మలు కన్నుల పండుగ. తమ్ముడితోనో చెల్లితోనో కలిసి చదవాలంటే ఈ ఆరింటిలో ఇదే.

*ది ఫ్రేగ్రంట్ ఫ్లవర్ బ్లూమ్స్ విత్ డిగ్నిటీ.* సకా మికామి, 2021, కొడాన్షా వాళ్ళ మ్యాగజైన్ పాకెట్. షోనెన్ వేదిక మీద వచ్చే ప్రేమకథ అన్నది దీని గురించే. రింతారో చూడటానికి రౌడీ, ఇంట్లో కేకుల షాపు. ఆ షాపుకి వచ్చి ప్లేట్ల మీద ప్లేట్లు లాగించే చిన్నపాటి అమ్మాయి కవొరుకొ. ఇద్దరి స్కూళ్ళు పక్కపక్కనే, కానీ ఆమె స్కూల్ వాళ్ళు వీళ్ళ మొహం కూడా చూడరు. ఇలాంటి కథలో యాభై చాప్టర్ల అపార్థం గ్యారంటీ అనుకుంటాం. వీళ్ళు మాత్రం ఏదైనా వస్తే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడేసుకుంటారు, క్షమాపణ చెప్పేసుకుంటారు. నాకది ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. మా రూమ్మేట్‌కు మాత్రం "ఉప్పూకారం లేని పప్పు". ఇద్దరిదీ నిజమే.

*రూరిడ్రాగన్.* మసవొకి షిందో, 2022 జూన్, జంప్. రూరి పొద్దున లేచేసరికి తలమీద కొమ్ములు. అమ్మ తాపీగా, మీ నాన్న డ్రాగన్ అంటుంది. రూరి స్కూలుకి వెళ్తుంది. క్లాసులో తుమ్మితే మంట వచ్చి ముందు కూర్చున్నవాడి జుట్టు కాలుతుంది. ఇంకే జంప్ కథలోనైనా ఇక్కడ ఒక రహస్య సంస్థ దిగుతుంది. దీన్లో క్లాస్‌మేట్స్‌కు ఎలా సారీ చెప్పాలన్నదే సమస్య. చాలా ఇష్టమైన కథ, కానీ హెచ్చరిక తప్పదు. రచయిత ఆరోగ్యం బాగోక 2022 ఆగస్టులో ఆగి, 2024 మార్చిలో మళ్ళీ మొదలై, ఆపై డిజిటల్‌కు మారింది. తొందరపెట్టే పాఠకులు దీని జోలికి వెళ్ళకండి.

ఒక్క చూపులో

| సిరీస్ | ఏ ఆనవాయితీని ఏం చేసింది | మాటల బరువు | రక్తం, భయం |
|---|---|---|---|
| కగురాబాచి | ప్రతీకారం ఉంచి, ట్రైనింగ్ తీసేసింది | తక్కువ | చాలా |
| అకానె-బనాషి | పోటీలన్నీ ఉంచి, కొట్లాట తీసేసింది | చాలా ఎక్కువ | లేదు |
| ది సమ్మర్ హికారు డైడ్ | రహస్యం ముందే చెప్పేసింది | మధ్యస్థం | భయం ఎక్కువ |
| ఇచి ది విచ్ | మాయను వేటగా మార్చింది | మధ్యస్థం | కొద్దిగా |
| ఫ్రేగ్రంట్ ఫ్లవర్ | అపార్థాలు వెంటనే తేల్చేస్తుంది | మధ్యస్థం | లేదు |
| రూరిడ్రాగన్ | శక్తి వచ్చినా యుద్ధం లేదు | తక్కువ | లేదు |

రెండింటి మధ్య ఇరుక్కుంటే

ఎక్కువమంది ఊగిసలాడేది కగురాబాచికీ అకానె-బనాషికీ మధ్యే. రెండూ తండ్రి కళ మీద పడ్డ మచ్చను బిడ్డ తుడిచే కథలే, అందుకే పోలిక ఊరికే వస్తుంది. మీరు బొమ్మ చూసి ఆగిపోయే రకమైతే మొదటిది, డైలాగ్ గుర్తుపెట్టుకుని పదిమందికి చెప్పే రకమైతే రెండోది. ఇంగ్లీష్ మాంగా ఇదే మొదటిసారి అయితే మాత్రం ఇష్టం ఏదైనా సరే, కగురాబాచితో చేయి తిప్పుకుని తర్వాత అకానె దగ్గరికి వెళ్ళండి. తిరగేసి వెళ్తే జుగెము దగ్గరే పుస్తకం మూసేసే ప్రమాదం ఉంది.

ఫ్రేగ్రంట్ ఫ్లవర్, రూరిడ్రాగన్ రెండూ మనసు తేలికపరిచేవే. ఎవరో ఒకరు ప్రేమలో పడాలి అనుకుంటే మొదటిది. ఎవరూ ఏమీ పడకపోయినా పర్లేదు, ఓ పిల్ల స్కూలుకి వెళ్ళొస్తే చాలు అనుకుంటే రెండోది. పరీక్షల రోజుల్లో నేను రెండోదే చదివేదాన్ని.

హికారు మాత్రం దేనితోనూ పోల్చి ఎంచుకునేది కాదు. ఈ మధ్యే దగ్గరివాళ్ళు పోయి ఉంటే కొన్నాళ్ళు వాయిదా వేయండి. ఇది స్పాయిలర్ కాదు, జాగ్రత్త.

ఏదైనా సరే మూడు చాప్టర్లు చదవండి. ఒక్కదానితో తేల్చకండి. మొదటి చాప్టర్ మామూలు కంటే పొడవుగా, పాఠకుణ్ణి పట్టుకోవడానికి చేసిన షో లాంటిది. వారానికి ఇరవై పేజీల లోపు ఇచ్చే అసలు నడక ఎలా ఉందో రెండోదీ మూడోదీ చెబుతాయి. పైగా జంప్ కథలకు ఆ మూడూ ఉచితమే.

మా వాడికి కగురాబాచి చెప్పాను. వాడు సరేనని, నా మాట పూర్తిగా వినకుండా అకానె-బనాషి మొదలుపెట్టాడు. పోయిన ఆదివారం రాత్రి పదకొండింటికి మెసేజ్: "అక్కా, ఆ చేపలవాడు చివర్లో గ్లాసు ఎందుకు కింద పెట్టేశాడు?"